బోర్డు మూడడుగులే

శనివారం ప్రార్థన అయినంక
హెడ్మాస్టరు గది పక్క నల్లబోర్డును
తడిబట్టతో తుడుస్త.
పోయిన వారం విజయాలు
తెల్లటి నీళ్లయి నా మోచేతి దాక కారుతయి.

నేను డ్రాయింగు సారును.
జీతం ఆగి ఆగి వస్తది, బోర్డు మాత్రం వారం తప్పదు.
దేవరకొండ దిక్కు మా బడిల
అక్షరం గుండ్రంగ తిప్పేటోడు నేనొక్కణ్నే అని
పెద్దసారు నమ్మకం.
"పొట్టిగ రాయి, పెద్దగ రాయి,
సోమవారం డీఈవో వస్తుండు" అన్నడు.

రాసిన.
ఖోఖోల జిల్లా మొదటి స్థానం.
పన్నెండు మంది ఆడపిల్లలు.
తొమ్మిది పేర్లకే బోర్డు నిండింది.
కింద 'తదితరులు' అని రాయబోయి
చాక్‌పీసు ఆపిన.
తదితరులు అనే పిల్ల
మా హాజరుపట్టీల లేదు.
అంతా తుడిచి, అక్షరం సన్నం జేసి
మళ్ల మొదటికెల్లి రాసిన.

ఖాజాబీ ఫైనల్ ఆడలే.
ముందురోజు మడమ బెణికింది.
తన కాన్వాసు బూట్లు విప్పి జమునకిచ్చి
వట్టికాళ్లతోని గీత అవతల కూసొని
గొంతు పోయేదాక అరిచింది.
బూట్లు ఒక నంబరు పెద్దగున్నయని
ముందట పత్తి కుక్కుకున్నది జమున.
ఆ పత్తి వాళ్ల చేనుదే.
అది ఏరనీకెనే
నవంబరు నెలంతా బడికి రాలే.
ఇదంతా ఏ వరుసల రాయాలె?

సైన్సు ఫెయిరు, ప్రోత్సాహక బహుమతి:
గుండెబోయిన మల్సూరు, ఎనిమిదో తరగతి.
సైకిలు తొక్కితే పల్లికాయ ఒలిచే మిషను.
జడ్జీలు ముందట నిలబడంగనే
చైను పుటుక్కుమన్నది.
నసీమా మేడం చున్నీ పిన్ను తీసిచ్చింది.
పిన్నుతో చైను అతికి, మిషను తిరిగేసరికి
జడ్జీలు అవతలి టేబులు కాడ
అగ్నిపర్వతం చూస్తున్నరు.
వాడు ఏడ్వలే.
వచ్చేటప్పుడు బస్సుల
ఒలిచిన పల్లీలు అందరికి పంచిండు.
కండక్టరుకు గూడ.
నేనూ తిన్న. కొద్దిగ గ్రీసు వాసన.

లెక్కల వెంకటరాజం సారు
మండల ఉత్తమ ఉపాధ్యాయుడు.
కప్పిన శాలువా ఇప్పుడు
కంప్యూటరు మీద దుమ్ము ఆపుతున్నది.
పదో తరగతి ఫలితం తొంభై ఏడు శాతం.
సున్నాలు నింపి, శాతం గుర్తు పెట్టి
ఎర్ర చాక్‌పీసుతో గీత కొట్టిన.
మిగిలిన మూడు శాతం
అంకె కాదు, ఇద్దరు పిల్లలు.
ఆదివారం ఆదివారం సారు బండేసుకొని
ఆ ఇద్దరి ఇండ్లకు పోతడు.
మూడు శాతం కుర్చీ ఏస్తది, చాయ పోస్తది,
సమీకరణం కాడ మళ్ల తలకాయ గోక్కుంటది.

అటెండరు బాలనర్సు
ఇరవై ఒక్కేండ్లుగ గంట కొడుతుండు.
రోడ్డవతల బత్తాయి తోటల కూలోళ్లు
మా పగటి గంటకే సద్ది విప్పుతరు.
యాళ్లకు కొట్టుడు విజయం కిందికి రాదు.
కొట్టకపోతేనే మెమో.

బోర్డు అయిపోయింది.
చేతులు దులుపుకుంటుంటే
ఎనుకకెల్లి సన్నటి గొంతు:
"సార్, నా పేరు యమున కాదు."
ముడావత్ జమున.
ఒకటో తరగతిల ఏ సారో గ్రాంథికం ఎక్కువై
ఒక అక్షరం మార్చి రాసిండట.
అప్పటిసంది రిజిస్టర్ల ఒకరు,
తండాల ఒకరు.
"రికార్డు ప్రకారమే ఉండాలె" అని
గదిల నుంచి పెద్దసారు.

నేను చెవుల చాక్‌పీసు పొడి పడ్డట్టు నిలబడి
బొటనవేలుతో 'య' చెరిపిన.
'జ' పెట్టిన.
పాత అక్షరం పూర్తిగ పోలే,
కొత్తదాని కింద బూడిద రంగుల
తొంగి చూస్తనే ఉన్నది.

ఆ పిల్ల బోర్డు ముందట నిలబడ్డది.
ఇంటిపేరు చదివింది, పేరు చదివింది,
పెదవులు కదిపి ఇంకోసారి చదివింది.
వరండా చివర బాలనర్సు
సుత్తి ఎత్తి పట్టుకొని
ఆమెనే చూస్తుండు.
గడియారం ముల్లు దాటిపోయింది.

అరనిమిషం ఆలస్యంగ
గంట మోగింది.
ఆ సంగతి నేను
యాడా రాయలే.