కాశీబుగ్గ, మబ్బు పట్టిన పూట

ఈ లెన్సు జూమ్ కాదు.
దగ్గరికి రావాలంటే
నా కాళ్లే రావాలి.

అందుకే పిక్కల బస్తాలు దాటుకుంటూ,
ఆవిరి పట్టిన గింజల వగరువాసన దాటుకుంటూ
తామాడ ఢిల్లమ్మ పీట దాకా నడిచాను.
పెళ్లిళ్లు లేని ఆషాఢం.
యాభై లెన్సు, విశాఖలో సెకండ్ హ్యాండుది,
వాయిదాలు ఇంకా రెండున్నాయి.

ఫ్లాష్ తేలేదు.
తలుపు రెక్క ఒకటి ఓరగా జరిపి
"ఇటు తిరగమ్మా" అన్నాను.
మహేంద్రగిరి మీంచి దిగొచ్చిన మబ్బు
ఎండను వడగట్టి పంపుతోంది,
గంజి వార్చినట్టు,
ఒక్క మెతుకూ జారకుండా.

ఒకటి పాయింట్ ఎనిమిది.
అంటే కన్ను బార్లా తెరవడం.
బార్లా తెరిచిన కంటికి
వెలుగు బోలెడంత అందుతుంది గానీ
లోకం మరీ సన్నగా కనబడుతుంది:
ఒక జీడిబద్ద మందం.
ఆ మందంలో ఆమె ఎడమ కంటి రెప్పలు పడ్డాయి.
మిగిలిందంతా,
చెవికమ్మ, గోడ మీద కూలి లెక్కల సుద్దగీతలు,
వెనక వరసలో నవ్వుతున్న ఇద్దరు,
పాలలో నానిన అటుకుల్లా మెత్తబడింది.

తెర మీద చూపించాను.
చాలాసేపు చూసింది.
"కన్ను బాగొచ్చింది బావూ.
మొన్న రేషను కాడా అంతే,
ఏలు పడ్డం నేదని కన్నే అడిగినారు.
అందరికీ నా కన్నే కావాల.
సేతులేవి?"

చేతులు ఉన్నాయి.
ఒళ్లో, అడుగున, నల్లటి పొగలాగా.
పదహారేళ్లుగా జీడినూనె తిన్న వేళ్లు,
గీతలు అరిగిన బొటనవేలు,
ఆముదం రాసినా బూడిద రాసినా వదలని నలుపు.
నేను దాచలేదు. లెన్సు దాచింది.
(ఇలా అనుకోవడం సులువు.
ఎంత తెరవాలో తిప్పింది నేనే.)

"సేతులు తియ్యి" అంది.
ముందుకు చాచింది,
అరచేతిలో ఒక గుండుపప్పు పెట్టుకుని,
ఎక్కడా చిట్లకుండా వచ్చినది,
మేస్త్రీ చూడకుండా.

వంగాను. ఊపిరి బిగబట్టాను.
ఈసారి వేళ్లు నిలబడ్డాయి,
ఒక్కో పగులూ, గోరు కింద ఒక్కో మరకా,
మధ్యలో ఆ పప్పు, పాలపన్నులాగా.
మొహం వెనక్కి కరిగిపోయింది.
ముక్కుపుడక ఒక్కటీ
గుండ్రటి వెలుగుచుక్కై తేలుతోంది.

"మొగం ఏదిరా?"
"అదిగో, ఆ చుక్క దగ్గర."
"రెండూ ఒకేపాలి రావా?"
వస్తాయి. రంధ్రం ముయ్యాలి.
మూస్తే ఈ వెలుతురు చాలదు.
ఎలా చెప్పాలో తెలియక
కెమెరా ఆమె చేతికే ఇచ్చాను.

కంటికి ఆనించి రింగు తిప్పింది.
అటు తిప్పితే నేను,
ఇటు తిప్పితే నా వెనక బస్తాలు.
మళ్లీ నేను.
"నువ్వూ అంతేరా" అని నవ్వింది,
"ముక్కొస్తే సెవులు రావు."

అంతలో గంట. మేస్త్రీ కేక.
తలుపు రెక్క ఎవరో మూసేశారు.

శ్రావణం వచ్చింది.
టెక్కలిలో ఒక పెళ్లి, మందసలో ఒకటి.
పెళ్లికూతుళ్ల కళ్ల మీదికి రింగు తిప్పుతుంటే
ఒకచోట వేలికి జిగురుగా తగులుతుంది.
స్పిరిట్‌తో తుడిచాను, పోలేదు.
సరిగ్గా అక్కడ
ఒక్క క్షణం ఆగుతోంది
నా వేలు.