నెల మొదటి సోమవారం

సీడర్ రాపిడ్స్‌లో గాలి ఇటు తిరిగితే
ఓట్స్ వేగే వాసన మా ఆఫీసు మూడో అంతస్తుదాకా ఎక్కి వస్తుంది.
దాని వెనకే, నెల మొదటి సోమవారం, ఎనిమిదిన్నరకి,
లుమీర్ హ్రుష్కా ఫోను.

"కందకంలో నీళ్లు. రెండు పంపులు పెట్టాను.
పైపుల రేటు పెరిగింది. ముందే చెబుతున్నా."
అంతే. కుశలప్రశ్న ఉండదు, వీడ్కోలు ఉండదు.
పదకొండేళ్లుగా అతని మురుగుకాలువలన్నిటికీ
బాండు రాస్తున్నది నేనే.

చిన్నప్పుడు పూచీకత్తు అన్న మాటలో
నాకు కత్తే వినపడేది.
ఇప్పుడు ఆ మాట మీదే నా జీతం.
అతను పని వదిలేస్తే నగరానికి జవాబు మేం చెప్పాలి,
మాకు అతను చెప్పాలి.
అతని ఇల్లు, రెండు ఎక్స్‌కవేటర్లు,
చివరి పేజీలో అతని సంతకం కింద
కాస్త వణికిన డార్లీన్ సంతకం, అతని భార్య.

నవంబరులో సోమవారం వచ్చింది. ఫోను రాలేదు.
జరుగుతున్న పనుల పట్టీ రాలేదు.
మెయిలు పెట్టాను. మళ్లీ పెట్టాను.
రికార్డయిన అతని గొంతు, ఏ వేసవి నాటిదో,
ఉత్సాహంగా నా పేరు అడిగింది.
మా పైవాళ్లు ఫైలు మీద పసుపు చీటీ అంటించారు.
పసుపు మా ఇంట్లో శుభం. ఇక్కడ కాదు.

నష్టానికో గడి ఉంది, ఆలస్యానికో గడి ఉంది.
మూడు వారాల మౌనాన్ని
ఎందులో వెయ్యను?

గురువారం నేనే బయల్దేరాను.
పదహారో అవెన్యూ చివర, గడ్డకట్టిన మట్టికుప్ప పక్కన,
ట్రక్కులో హీటరు ముందు చేతులు చాపి కూర్చున్నాడు.
నన్ను చూసి టోపీ తీశాడు,
ఎవరో పోతే పలకరింపుకొచ్చిన మనిషిని చూసినట్టు.

"ఈ పని డబ్బు మేరియన్ పనిలో పెట్టాను. అది మింగేసింది.
వచ్చే శుక్రవారం తొమ్మిది మందికి జీతాల్లేవు."

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచొద్దంటారు మావాళ్లు.
జామీను పడ్డవాణ్ణి ఆ వరసలో చేర్చడం మరిచారు.
అదే చెప్పబోయాను, ఇంగ్లీషులో కుదరలేదు.
"నీళ్ల సంగతి చెప్పేవాడివి, రేట్ల సంగతి చెప్పేవాడివి,
ఇదెందుకు దాచావు?" అన్నాను.

"నీళ్లు నా తప్పు కాదు కదా," అన్నాడు.

చాలాసేపు హీటరు ఒక్కటే మాట్లాడింది.

అప్పుడు నేనూ చెప్పాను:
ఆగస్టు పట్టీలో ఒక అంకె కుదరలేదు.
నాకు కనిపించింది. అడగలేదు.
చెడ్డవార్తలన్నీ తనే తెచ్చే మనిషి కదా అని
పేజీ తిప్పేశాను.

డాష్‌బోర్డు మీద, కాఫీ మరకల కాగితం వెనక,
ఎవరికి ఎంత, ఎప్పటికి, అని రాయడం మొదలెట్టాం.
పెన్ను చలికి రాయలేదు. అతను నోట్లో పెట్టుకుని వెచ్చచేసి ఇచ్చాడు.

పసుపు చీటీ ఇంకా ఊడలేదు.
డిసెంబరు మొదటి సోమవారం, ఎనిమిదీ ఇరవైకి,
ఆగలేక నేనే ఫోను చేశాను.
ఎంగేజ్ వచ్చింది.
అతను నాకు చేస్తున్నాడు.