లెక్కల లేని తట్ట

మెట్టుగడ్డ దగ్గర మూతవడ్డ జిమ్ముల
తుక్కు ధరకు తెచ్చుకున్న.
పదారు కిలోలు. పిడి ఉన్న ఇనుపగుండు.
కెటిల్ బెల్ అంటరని చెప్తే
అమ్మ దాని మూత కోసం ఎతికింది.
"చాయ యాడ పోస్తరు దీంట్ల?"

పోయిన ఐతారం పొగరుకు పోయిన.
మూడు వందల ఊపులు, నూరు దండీలు, రెండొందల బస్కీలు,
అరగంటల కొట్టాలని.
మొదటి వంద ఊపులు గుక్క తిప్పకుండ.
ఆ తర్వాత మోకాళ్ల మీద చేతులు,
నీళ్లట్యాంకి పక్కన
రాత్రి తిన్న జొన్నరొట్టె అంత బయటికి.
కింది వాటా షాహెదా బేగం మెట్లెక్కి వచ్చి
నిమ్మకాయ చేతుల వెట్టి పోయింది.
ఏం అడగలే.
అడిగితే బాగుండు.

ఇయ్యాల్ల అమ్మ పిట్టగోడ మీద కూసున్నది,
ఒళ్లె పల్లికాయ.
పది కాయలు ఏరి ఎడమ దిక్కు పెట్టింది.
"చుట్టుకొక్కటి ఇటు నుంచి అటు జరుపుత.
నువ్వు లెక్క వెట్టకు,
లెక్క నెత్తిల ఉంటే అదొక బరువు."

ముప్పై ఊపులు.
ఊపు చేతులది కాదు, నడుముది.
గుండు తొడల సందుల నుంచి వెనక్కి పోయి
దాని దారిల అదే మళ్లొస్తది,
అడ్డం పోకుంటె చాలు.
పైన ఒక్క రెప్పపాటు దానికి బరువుండదు,
అప్పుడు ఇడువాలె ఊపిరి.

దండీలు పది తీయగల్ల. తీయను.
ఆరు. మూడు శ్వాసలు. నాలుగు.
మొదటి చుట్టుల్నే పిసినారి ఖర్చు.
దుకాణంల నా జిరాక్సు మిషన్ అంతే,
పది కాపీలైనా వెయ్యైనా ఒక్క తీరుగ నడుస్తది,
తొందర వెడ్తే కాయితం నమిలేస్తది.

మూడో చుట్టుల కాచిగూడ బండి కూతవెట్టింది.
దాని ఎంబడి ఉరకబుద్ధైంది.
ఉరకలే.

అమ్మ కాలువ పనులకు పోయిన యేండ్లు ఎన్నో
నాకు తెల్వదు, ఆమెకూ యాదికి లేదు.
నెత్తి నడుమ ఎంటికలు మొలవని జాగ ఒకటున్నది,
రూపాయి బిళ్లంత.
"పొద్దుగాల ఉరికినోళ్లు
పగటీలికి తుమ్మకింద పండుకునేటోళ్లు" అంటది,
ఎవరినీ తిట్టినట్టు కాకుండ.

ఏడో చుట్టుకు అరచేతి తోలు వేడెక్కింది.
గుండు దించిన.
చినిగినంక కాదు, చినిగేటట్టున్నప్పుడే.
ఐదు శ్వాసలు, ముక్కుతోని,
ఫోన్ దిక్కు చూడకుండ.
గదుమ మీదికెల్లి చెమట సిమెంటు మీద వడి
పడ్డకాడ్నే ఆరిపోతున్నది.
ఎనిమిది గూడ కాలే ఇంకా,
పాలమూరు ఎండ.

ఎనిమిది. తొమ్మిది.
వాటి గురించి చెప్పెటందుకేం లేదు,
అదే సంతోషం.

ఆఖరి బస్కీ లేచి "అయిపోయింది" అన్న.
"ఇంకొకటున్నది" అన్నది అమ్మ.
ఎడమ దిక్కు ఏం లేవు.
కుడి దిక్కు కాయలు తొమ్మిది.
ఆమె దవడ మెదులుతున్నది.

"తిన్నవా?"
"మేస్త్రి గూడ గిట్లనే తినేటోడు."
పొట్టు ఊదుకుంట అన్నది.
"పది మోస్తె తొమ్మిది రాసేటోడు.
పొద్దుగూకినంక ఇంకో తట్ట.
అందుకే దమ్ము దాసుకునేది."
నవ్విందో లేదో కానరాలే,
ఎండ ఆమె ఎనకల ఉన్నది.

కోపమొచ్చింది.
ఎవ్వని మీదనో, వాని పేరు గూడ తెల్వదు.
పిడి పట్టుకున్న. కాలుతున్నది.
ముప్పై.
ఆరు. మూడు శ్వాసలు. నాలుగు.
బస్కీలు పదిహేను కాడ తొడలు వణికినయి,
కూలవడలే.

అమ్మ ఇంకో కాయ ఒలిచింది.
రెండు గింజలు. ఒకటి నాకు.

వచ్చే ఐతారం గులకరాళ్లు ఏరిపెడుత,
తినరాకుండ.
అయినా ఒక్క చుట్టుకు సరిపడ గాలి
పక్కకు తీసే పెట్టుకుంట.