లావు తీగ

కోఠీలో మెట్లకింది దుకాణం.
కవరు జిప్పు తీయగానే
అంచుల్లో నలుపు, నడుమ ఇరానీ చాయ్ రంగు.

నిరుడు తయారైన సరుకే.
పోకడ మాత్రం అరవై ఏళ్ళ నాటిది:
లావు మెడ, తాబేటి చిప్ప పలక,
వేలి గీకుడు వినబడనివ్వని నున్నటి తీగలు.
తాత కోటు తొడుక్కున్న కుర్రాడు.

ధర జోయెల్ అడిగాడు.
నేనప్పటికే లావు తీగ మీటి
కౌంటరు అద్దం వణకడం చూస్తున్నా.

బస్సులో కండక్టరమ్మ
"దీనికి గూడ టికెట్ కొట్టాల్నా?" అంది నవ్వుతూ.
"ఫుల్లే కొట్టు" అన్నా.

మెట్టుగూడలో, మూడో అంతస్తులో,
మా ప్రిస్కిల్లా వేలు పెట్టి లెక్కపెట్టింది:
"నాలుగేనా? ఇంత డబ్బుకీ?"

రాత్రి ఆంప్ గొంతు సగానికి నొక్కి
ఒకటే స్వరం.
మళ్ళీ అదే.
ఇంకోసారి.
చెవికన్నా ముందు పక్కటెముకకు తెలుస్తుంది.
గూట్లో స్టీలు గ్లాసులు సణిగాయి.
పట్టాల మీద గూడ్సు బండి
దాదాపు నా శ్రుతిలోనే పోయింది,
అర స్వరం తక్కువ, అంతే.

వేళ్ళు బొబ్బలెక్కి ఆపాను.
కాసేపటికి తలుపు చప్పుడు.
కింది వాటా సబీహా ఆంటీ, భుజాన మనవడు.

"బంద్ చేసిన ఆంటీ, మాఫ్ చెయ్యండి."

"బంద్ చేసినవనే వచ్చిన.
దానికే పండుకున్నడు వీడు.
ఆగంగనే లేచిండు."

వేళ్ళకు ప్లాస్టర్ చుట్టుకున్నా.
ఆంటీ మెట్లు దిగేదాకా ఆగలేదు.