నూరు గంటలు

గ్రీమ్స్‌పేట సందులో ఆటో ఆగింది.
రెండు అట్టపెట్టెల్ని
నిద్రపోయే బిడ్డల్లాగా దించాడు మునిరత్నం.
అంగడి వేలాయుధం చెప్పి పంపాడంట:
"కొత్తవి గదన్నా, గొంతు బిగుసుకోని ఉంటాది.
నూరు గంటలు పాడించు,
ఆమీట చూడు ఎట్టా తెరుచుకుంటాదో."

ఆ నూరు గంటలూ ఇంట్లో ఉండేది నేను.
పొద్దున ఎనిమిదికి ఆయన డెయిరీకి పోతే
నేనూ, నా మిషనూ,
శుక్రవారానికి ఇయ్యాల్సిన పదకొండు జాకెట్లూ,
గోడకానుకోని ఆ రెండు నల్ల మొగాలూ.

నమ్మలేదని కాదు.
మిషన్ కొన్న కొత్తలో తొక్కుడు బిర్రుగా ఉండి
మోకాళ్ళు పట్టేసేవి.
నెల తిరిగేసరికి
నా కాలికోసం చక్రమే ఎదురుచూసేది.
కొత్త చెప్పు కరుస్తుంది.
గంజి పోని గుడ్డ సూదిని విరుస్తుంది.
స్పీకరులో ఉండే కాగితం గిన్నె మాత్రం
ఏం పాపం చేసిందిలే అనుకున్నా.

మొదటి రోజు నాదస్వరం.
రెండో రోజూ అదే నాదస్వరం.
మూడో రోజు మధ్యాహ్నానికి
సుగుణమ్మ జాకెట్టుకు ఎడమ చెయ్యి
కుడి పక్క కుట్టేశాను.
లేచి ప్లగ్గు పీకేశా.
చెవుల్లోకి చల్లటి మజ్జిగ దిగినట్టయింది.

అప్పట్నుంచి మలుపులో స్కూటర్ దగ్గు వినబడగానే
పరుగున పోయి ప్లగ్గు పెట్టేదాన్ని.
ఆయన క్యాలెండర్ వెనక పెన్సిలుతో రాసుకునేవాడు:
నలభై మూడు. యాభై నాలుగు.
"ఆడతానే ఉందా?"
"ఆడతానే ఉంది."
పళ్ళ మధ్య దారం పెట్టుకుంటే
అబద్ధం సులభంగా వస్తుంది.

పదో రోజు రాత్రి లైటార్పి
పక్కన కూర్చోబెట్టుకున్నాడు.
"తెరుచుకునింది మేయ్! విను,
డోలు మీద వేలి తొడుగు గూడా తెలస్తా ఉంది!"
ఆ చీకట్లోనే వేలాయుధానికి ఫోను:
"నువ్వు చెప్పింది నిజమే అన్నా."

నా లెక్కకు అవి పాడింది
ముప్పై అయిదు గంటలు దాటదు.
చెబుదామనే నోరు తెరిచాను.
కానీ తొడుగు నాకూ వినబడింది,
టక్కుమని, తోలు మీద, ఒంటరిగా.
మొదటి రోజూ ఉండే ఉంటుంది.
ఆ రోజు నా చెవి చంక కొలతల మీద ఉంది,
ఆయన చెవి పోసిన డబ్బు మీద.
పదిరాత్రులు ఏమీ చెయ్యకుండా
ఒకచోట కూర్చోవడం
మా ఇంట్లో అంతకుముందెప్పుడూ జరగలేదు.

తెల్లారి పెట్టెలు అటక మీదికి ఎక్కిస్తుంటే
బిల్లు జారి పడింది.
అడుగున చీమతలకాయంత అక్షరాల్లో:
"సరుకు పది దినముల లోపు మాత్రమే మార్చబడును."
రోజుకు పది గంటలు. పది రోజులు.
వేలాయుధం గుణకారం బాగా నేర్చినాడు.

నవ్వుకోని
బిల్లును నాలుగు మడతలు పెట్టి
ఊగే మిషన్ కాలి కింద దూర్చాను.
బాగానే కుదురుకుంది.