నాలుగు సెకన్ల తెల్లవారుజాము

ముందు సూర్యుణ్ణి బయటికి పంపాలి.
రీగాలో జూన్ నెలలో అదేమంత తేలిక కాదు.
రాత్రి పదింటికి కూడా గడప దాటని చుట్టం.
కిటికీ అద్దాలకు బేకరీ నుంచి తెచ్చుకున్న రేకు కాగితం,
దాని మీద నల్ల దుప్పటి,
అంచులకు టేపు, టేపు ఊడినచోట మళ్ళీ టేపు.
అయినా ఏదో సూది బెజ్జంలోంచి దూరి
గోడ మీద పావలా కాసంత కూర్చుంటాడు.
నోట్లోని చూయింగ్ గమ్ తీసి
అతని మీద అంటించాను.

నాకున్నవి మూడు దీపాలు.
సంతలో మూడు యూరోలకు దొరికిన బల్ల దీపం ఒకటి,
మెడ విరిగితే చెంచా ఆనించి కట్టు కట్టాను.
ఒకటి సైకిల్‌ది.
ఒకటి ఫ్రిజ్‌లోంచి పీకిన బుడ్డి బల్బు,
అందుకే వెన్న కోసం చీకట్లో తడుముకుంటాను.
వెలుగు నేరుగా పడితే ఉన్ని మొహం పిండిముద్దలా ఉంటుంది.
రొట్టెల కింద పరిచే కాగితం ఒక పొర అడ్డం పెడితే
మెత్తబడుతుంది. రెండు పొరలైతే ముసురు.
మూడోది కూడా పెట్టి చూశాను,
కమురు వాసన.

ట్రామ్ స్టాప్‌లో నిలబడ్డ ముసలాయన, జానెడు పొడుగు.
వెన్నులో రాగి తీగ,
జేబులో నిజంగానే ఒక టికెట్టు ముక్క.
అతనికి తెల్లవారాలి.
నాలుగు సెకన్లు, సెకనుకు పన్నెండు ఫ్రేములు.
దీపాన్ని స్కేలు వెంట ఒక్క మిల్లీమీటరు జరపడం,
వెనక్కి తగ్గడం, ఊపిరి బిగబట్టడం, మీట నొక్కడం.
తెల్ల చొక్కా వేసుకోకూడదు,
ఒంటి మీది తెలుపు కూడా దీపమే.
నల్ల బనీనులో చెమటలు కక్కుతూ
నలభై ఎనిమిదిసార్లు
తెల్లవారుజామును తోసుకెళ్ళాలి.

మొదటిసారి తిప్పి చూసుకుంటే వెలుగు మిణుకుమంది,
లోపలెవరో రెప్పలార్పుతున్నట్టు.
నా కంటికి ఆననిది కెమెరాకు ఆనింది.
బల్బు మార్చాను. ప్లగ్గు మార్చాను.
రెండు రోజులు గోడల్ని అనుమానించాను.
చివరికి కనిపెట్టింది ముక్కు:
బీట్‌రూట్ సూపు వాసన దిగినప్పుడల్లా
వెలుగు ఒక పిసరు తగ్గుతోంది.
పై అంతస్తు బ్రోనిస్లావా గారి కరెంటు పొయ్యి.
ఈ బిల్డింగు వైర్లు నాకంటే యాభై ఏళ్ళు పెద్దవి.

మెట్లెక్కి అడిగాను,
రెండింటి నుంచి నాలుగింటి దాకా పొయ్యి వెలిగించకండని.
"ఎందుకట?"
"తెల్లవారుతోంది."
ఎగాదిగా చూసి తలుపు వేసేసుకుంది.

ముప్పై ఒకటో ఫ్రేము.
మీట నొక్కాక గానీ చూడలేదు, ఆవిడ నా వెనకే ఉంది,
ఇంత ఉక్కలో పసుపు ఉన్ని స్వెటర్ వేసుకుని.
"విజ్మా, ఇతనికి టోపీ ఏదీ?"
నాకు ఒళ్ళు మండింది.
పాడైన ఫ్రేము తీసేద్దామని తెర వైపు వంగాను.
ముసలాయన ఎడమ చెంప మీద
నేను పెట్టని వెలుగు.
మూడు దీపాల్ని అటూ ఇటూ తిప్పి
రెండు నెలలుగా నేను అడుక్కుంటున్న రంగు.

"కూర్చోండి. అక్కడే. కదలొద్దు."
స్టూలు కాళ్ళ చుట్టూ సుద్దతో గీశాను.
సూపు నేనే మాన్పించాను గనక
రాత్రి డ్యూటీలో మిగిలిన రై రొట్టె చేతికిచ్చాను.
నములుతూ అడిగింది, "నమిలితే వెలుగు కదులుతుందా?"
"నొక్కేటప్పుడు మింగేయండి చాలు."
అలా మేమిద్దరం, మాటల్లేకుండా,
మిల్లీమీటరు తర్వాత మిల్లీమీటరు.
నలభై రెండో ఫ్రేముకు నాలుగు కొట్టింది.
పొయ్యి మీద హక్కు మళ్ళీ ఆవిడది.
మిగిలిన ఆరూ రేపు.

మర్నాడు రెండింటికి ముందే వచ్చి కూర్చుంది,
సుద్ద గీతల మధ్య, వీపు నిటారుగా.
స్వెటర్ ఉతికి, ఇస్త్రీ చేసి వేసుకుంది.
"సినిమా కదా" అంది.
పసుపు ఒక చాయ దిగిపోయింది.
నేనేమీ అనలేదు. మీట నొక్కాను.

ఇప్పటికీ ఆ చివరి అర సెకను
చెంప మీద వెలుగు కాస్త వెలవెలబోతుంది.
మబ్బు పట్టిందనుకుంటారు చూసేవాళ్ళు.