అడ్డరాయి

ట్రాలీ పక్కన, కొండవైపు నడిచేదాన్ని నేను.
నా పనికి పేరు లేదు.
కూలి మాత్రం ఉంది,
కోతకూలి కంటే యాభై తక్కువ.

సంకలో రాయి.
ఏడాది పిల్లంత బరువు.
ఒక పక్క ఏటవాలుగా చెక్కించి
వింజమూరు వెల్డింగు షాపులో
ఇనప చట్రం, బారెడు పిడి పెట్టించాం,
చెయ్యి టైరు కిందికి పోకుండా.
నడిచేటప్పుడు ఆ పిడి
నా వీపు వెనక తోకలా ఊగుతుంది.
పిల్లకాయలు నవ్వుతారు. నవ్వనీ.

ఉదయగిరికి పడమట, వెలిగొండ వాలులో
మా కొర్రచేలు.
నిలబడితే మడమలు ఒక ఊళ్ళో
వేళ్ళు ఇంకో ఊళ్ళో ఉన్నట్టుంటాయి.
కోత కింద నుంచి పైకి.
కొడవలి మొన ఎప్పుడూ కొండకేసే.
ఒకరి కింద ఒకరు నిలబడగూడదు.
పైన జారిన గులకరాయి
కింద తలకాయను వెతుక్కుంటది.
మోపు నెత్తినుంటే నిట్టనిలువు దిగొద్దు,
పాము పోయినట్టు పోవాలి
ఆ గట్టుకీ ఈ గట్టుకీ.
ఇవన్నీ ఎవురు చెప్పారంటే
మోకాళ్ళు చెప్పాయి.

బండ మీద నూర్చి, పడమటి గాలికి తూర్పారబట్టి
నలభై గోతాలు ఎత్తాం.

తిరుపాలు బావ రెండేళ్ళ కింద
అర లీటరు డీజిలు మిగిల్చాడు.
దిగుడే గదా అని న్యూట్రల్లో వదిలాడు.
ఇప్పుడు కొండ మొదట్లో నులకమంచం మీద కూర్చుని
చెవులతోనే ట్రాక్టరు నడుపుతాడు.
మూలుగు మారిందా,
చేతికర్ర నేలకేసి కొడతాడు.

ఇప్పటి డ్రైవరు సిలారు.
నమాజుకు ముందు కాళ్ళు కడుక్కున్నంత ఓపిగ్గా
మూడుసార్లు బ్రేకు తొక్కి చూసుకుంటాడు.
"ఎక్కను ఏ గేరో దిగనూ అదే గేరు."
అంతకు మించి మాట్లాడడు.
లోడు మీద ఎవరన్నా ఎక్కితే
ఇంజను ఆపి, దిగిందాకా
ఆకాశం చూస్తాడు.

మూడో మలుపు.
నిన్నటి వానకు ఎర్రమన్ను వెన్నముద్ద.
వెనక టైరు జారింది.
పిడికెడు.
పిడికెడంటే పిడికెడే.
ట్రాలీ మూతి తిప్పి
వంకలోకి తొంగి చూసింది.

రాయి నా సంకలో లేదు.
టైరు కింద ఉంది.
ఎప్పుడు పెట్టానో
అడిగితే ఈరోజుకీ చెప్పలేను.
టైరు దాన్ని కొరికిన చప్పుడు మాత్రం
పళ్ళల్లో ఉండిపోయింది.

కింద చేతికర్ర,
ఒకటి, రెండు,
ఆపైన లెక్కలేదు.

సిలారు దిగాడు. బీడీ ముట్టించబోయి
అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది, గాలి లేకపోయినా.
"సగం దించండి."

"రెండో తిరుగుడికి ఎనిమిదొందలు ఎవురిస్తారబ్బయ్యా?"
పంట పుల్లమ్మది. అడిగే హక్కుంది.
"పొద్దు గూకతాంది. అడవిపందులు ఊరుకుంటాయా?"
సిలారు తాళంచెవి తీసి జేబులో వేసుకుని
గట్టు మీద కూర్చున్నాడు.
తగువు పెట్టుకునేవాడైతే బాగుండు,
గెలవచ్చు.

పుల్లమ్మ గోతాల్ని చూసింది,
వంకను చూసింది,
ఎందుకో నా ఖాళీ సంకను చూసింది.
కొంగు బిగించి
మొదటి గోతాం తనే వంచింది.

ఇరవై దిగొచ్చాయి.
ఇరవై కొండ మీదే పడుకున్నాయి
పట్ట కప్పుకుని,
పుల్లమ్మ మొగుడూ, ఒక కుక్కా కాపలా.
తెల్లారి మళ్ళీ ఎక్కాలి.

రాయిని ఇంటికి తెచ్చాను.
టైరు గీతలు దాని నెత్తిన నల్లగా అచ్చుపడ్డాయి.
తిరుపాలు బావ దాన్ని మంచం మీదికి లాక్కుని
ఒక్కో గీతా వేలితో తడిమాడు,
కానుపింట్లో బిడ్డ వేళ్ళు లెక్కపెట్టినట్టు.
ఏమన్నా అంటాడేమో అని నిలబడ్డా.

"గంజి తాగావా మే?" అన్నాడు.